నా భార్య చివరిసారి ఎప్పుడు మాట్లాడింది?

గ్రామసభలో మైకు ముందు నా భార్యకు మాట రాకపోతే నేను నవ్వాను. ఈ సంగతి ముందే చెప్పి మొదలుపెడుతున్నాను. లేకపోతే ఇది చదివేవాళ్ళు నన్ను భార్యకు ఓపిగ్గా సేవ చేసిన మనిషిగా అనుకునే ప్రమాదం ఉంది. సేవ చేసిన మాట నిజమే. దానికి ముందు చేసినవి కూడా ఉన్నాయి.

మాది నరసరావుపేటకు దగ్గర్లో ఒక పల్లెటూరు. మిరప, పత్తి వేస్తాం. పంచాయతీ ఎన్నికల్లో మా ఊరు మహిళలకు రిజర్వు అయింది. పోటీ చేయాలన్న ఆశ నాది. నామినేషన్ పడింది మాత్రం నా భార్య శివపార్వతి పేరుతో. ఆమె గెలిచింది. నేను అందరితో 'గెలిచాను' అనే చెప్పుకున్నాను. ఊళ్ళో నన్నే 'సర్పంచి గారూ' అని పిలిచేవాళ్ళు. ఫ్లెక్సీల్లో నా ఫోటో నిలువెత్తున ఉండేది, ఆమెది పైన ఒక మూల చిన్నగా ఉండేది. కారు అద్దం మీద 'సర్పంచ్' అని రాయించుకున్నది నేను. గ్రామసభలో ఆమె పక్కన ఇంకో కుర్చీ వేయించుకునేవాణ్ణి. ఆమె లేచి "అందరికీ నమస్కారం" అని మైకు నా చేతికిచ్చేది. మిగతాదంతా నేనే మాట్లాడేవాణ్ణి. మా చుట్టుపక్కల చాలా ఊళ్ళలో జరిగేది ఇదే కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. నాకూ తప్పనిపించలేదు.

ఆ రోజు పదకొండింటికి గ్రామసభ మొదలైంది. శివపార్వతి లేచి మైకు పట్టుకుంది. "అం..." అని ఆగింది. మళ్ళీ "అం..." అంది. తర్వాత "అదే... అదే..." అని నా వంక చూసింది. నేను నవ్వి మైకు తీసుకున్నాను.

"మా సర్పంచి గారికి ఇవాళ మిమ్మల్నందరినీ చూసి సిగ్గేసింది" అన్నాను.

సభంతా నవ్వింది. ఆమె ఇంకా నన్నే చూస్తోంది. అది కోపమనుకున్నాను. భయమని ఇప్పుడు తెలుసు. హాజరు పుస్తకంలో సంతకం పెట్టబోతే పెన్ను చేతిలోంచి జారిపోయింది. నేను తీసి మళ్ళీ వేళ్ళ మధ్య ఇరికించి, "సరిగ్గా పట్టుకోవే, అందరూ చూస్తన్నారు" అని చెవి దగ్గర విసుక్కున్నాను.

మా వెనకింటి సైదమ్మ ముందు వరసలో కూర్చుని ఉంది. ఆమె లేచి వచ్చి, "అన్నా, వదిన మూతి ఒక పక్కకు లాగింది, చూడు. ఆస్పత్రికి తీసకపో" అంది.

"ఎండకు అట్టనే ఉంటది. కాస్త మజ్జిగ తాగించు" అన్నాను.

తాగించిన మజ్జిగ పెదవి పక్కనుంచి కారి చీర మీద పడింది. అది చూసి కూడా నేను అజెండా పూర్తి చేసే లేచాను. కొత్త చీర కట్టుకుని వచ్చిందని కూడా అప్పుడే గమనించాను.

నరసరావుపేటలో ఒక ప్రైవేటు ఆస్పత్రికి చేరేసరికి రెండు కావస్తోంది. వెంటనే సీటీ స్కాన్ తీశారు. డాక్టరుగారు బయటికొచ్చి గబగబా అడగసాగారు.

"స్ట్రోక్ అండీ. మెదడులో బ్లీడింగ్ లేదు, క్లాట్, అంటే రక్తం గడ్డ అనుకుంటున్నాం. క్లాట్ కరిగించే ఇంజెక్షన్ ఉంది. మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఆమె చివరిసారి మామూలుగా ఎప్పుడు మాట్లాడింది?"

"పదకొండింటికి మైకు దగ్గర తడబడిందండీ."

"అది తడబడిన టైము. నేనడిగేది బాగా మాట్లాడిన టైము. పొద్దున లేచినప్పుడు బాగుందా?"

నేను గుర్తు తెచ్చుకోబోయాను. పొద్దున కాఫీ ఇచ్చింది. ఇస్తూ ఏమన్నా అందా? నేను ఫోన్లో ఉన్నాను. టిఫిన్ పెట్టింది. అప్పుడూ ఫోన్లోనే ఉన్నాను. పంచాయతీ ఆఫీసుకు కలిసే నడిచాం. దారిలో నేను ఇద్దరు ముగ్గురితో మాట్లాడాను. ఆమెతో మాట్లాడలేదు. ముందు రోజు రాత్రి? అదీ తెలియదు. ఒకే ఇంట్లో ఉండే మనిషి చివరిసారి ఏం మాట్లాడిందో నేను చెప్పలేకపోయాను.

"గుర్తు లేదండీ" అన్నాను.

"నిద్రలోనే వచ్చి ఉంటే టైము దాటిపోయినట్టే. ఇంట్లో ఇంకెవరికైనా ఫోన్ చేసి కనుక్కోండి. తొందరగా."

నా తప్పుల్లో అన్నిటికంటే పెద్దది ఇక్కడే జరిగింది. నేను ఫోన్ చేయలేదు. సైదమ్మకు చేసినా, మా అమ్మాయికి చేసినా సంగతి ఊరంతా పాకుతుంది. సర్పంచికి పక్షవాతమని ఉపసర్పంచి ఆంజనేయులికి తెలిస్తే చార్జి తనకిమ్మని మర్నాడే బయల్దేరతాడు. ఆ నిమిషంలో నా బుర్ర పనిచేసింది ఆ లెక్కలోనే.

"ఇంకెవరూ లేరండీ" అన్నాను.

డాక్టరుగారు, "టైము తెలియకుండా ఇస్తే మెదడులో బ్లీడింగ్ కావచ్చు. ఆ రిస్కు తీసుకోలేం" అని లోపలికి వెళ్ళి మిగతా ట్రీట్‌మెంట్ మొదలుపెట్టారు.

సాయంత్రం చిలకలూరిపేటలో ఉండే మా అమ్మాయి లావణ్యకు చెప్పక తప్పలేదు. అది ఏడుస్తూనే, "పదింటికి నాతో బాగానే మాట్లాడింది కదా నాన్నా. మీటింగుకి కొత్త చీర కట్టుకుంటున్నానని చెప్పింది. చానాసేపు మాట్లాడింది" అంది.

ఆస్పత్రి వరండాలో కుర్చీ దొరికితే కూర్చున్నాను. పదింటికి బాగానే ఉంది. మేం ఆస్పత్రికి చేరింది రెండింటి లోపే. మర్నాడు ఈ మాట డాక్టరుగారికి చెప్పాను. ఎందుకు దాచానో కూడా చెప్పాను. ఆయన తిట్టలేదు. "ఆ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే పూర్తిగా బాగయ్యేదని నేను చెప్పలేను. ఇచ్చే అవకాశమైతే ఉండేది" అన్నారు. తిట్టినా బాగుండేది.

కుడి చెయ్యి, కుడి కాలు కొద్దికొద్దిగా తిరిగొచ్చాయి. మాట రాలేదు. ఆ జబ్బును అఫేజియా అన్నారు. తెలివి పోలేదని, తలలో ఉన్న మాటకు నోటిదాకా వచ్చే దారి దెబ్బతిన్నదని న్యూరాలజిస్టు వివరించారు. దానితో పాటు కొత్త సంగతులు గుర్తుండటం తగ్గింది. పొద్దున చెప్పింది మధ్యాహ్నానికి జారిపోయేది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాటా అందేది కాదు.

ఇంటికొచ్చాక నేను చేసిన వైద్యం ఎలాంటిదో కూడా రాయాలి. చూడటానికి వచ్చిన చుట్టాల ముందు దువ్వెన పైకెత్తి పట్టుకుని, "ఇదేంది, చెప్పు" అనేవాణ్ణి. "ఈయనెవరు, చెప్పు" అని మనుషుల్ని చూపించేవాణ్ణి. ఆమెకు చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి అడిగేవాణ్ణి. తప్పు చెబితే వచ్చినవాళ్ళు జాలిగా పెదవి చప్పరించేవాళ్ళు. ఆమె ఎప్పుడైనా "అదే... అదే..." అని మొదలుపెడితే, ఆ రెండో 'అదే' పూర్తి కాకముందే నేను అందుకునేవాణ్ణి. కాఫీనా? దుప్పటా? లావణ్యా? ఆమె కళ్ళు మూసుకునేది. అలసట అనుకునేవాణ్ణి.

డాక్టరుగారు స్పీచ్ థెరపీకి రాశారు. గుంటూరు నుంచి వారానికి రెండు రోజులు రెహానా అనే థెరపిస్టు ఆ ఆస్పత్రికి వస్తుంది. మా లావణ్య వయసు ఉంటుంది. మొదటి రోజు ఆమె శివపార్వతికి ఎదురుగా కూర్చుని, "అమ్మా, మీరు ముందుగా ఏ పని మళ్ళీ చేయాలనుకుంటున్నారు?" అని అడిగింది.

"సంతకం పెట్టగలిగితే చాలమ్మా. నమస్కారం అనగలిగితే ఇంకా మంచిది" అన్నాను.

"నేనడిగింది అమ్మని, సార్."

బల్ల మీద కొన్ని ఫోటోలు పరిచింది. వంట చేస్తున్న మనిషి, ఫోన్, గుడి, బజారు, కొంతమంది కూర్చుని మాట్లాడుకుంటున్న బొమ్మ, ఇంకా ఏవో. శివపార్వతి చాలాసేపు చూసింది. నేను వంట బొమ్మ ఆమె ముందుకు జరపబోతే రెహానా నా చెయ్యి పక్కకు నెట్టింది. చివరికి శివపార్వతి ఎడమ చేత్తో మనుషులు కూర్చున్న బొమ్మ మీద వేలు పెట్టింది.

"మీటింగా అమ్మా?"

శివపార్వతి తల ఊపింది.

నేను నవ్వేశాను. "ఆ పనులన్నీ నేను చూసుకుంటాలేమ్మా. ఆమెకేం పని లేదక్కడ."

"సర్పంచి ఎవరు సార్?" అంది రెహానా. ఎగతాళిగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. శివపార్వతి ఎడమ చేత్తో తన గుండె మీద తట్టుకుంది.

అప్పటినుంచి థెరపీ అంతా ఆ పని చుట్టూనే నడిచింది. దువ్వెనలు, కాకులు, అరటిపళ్ళ పేర్లు వల్లె వేయించడం ఉంటుందనుకున్నాను. రెహానా ఆమెకు నిజంగా కావలసిన మాటలే తీసుకుంది. ఊళ్ళో మనుషుల ఫోటోలు, బజార్ల ఫోటోలు నా చేత తీయించి ఫైలు చేయించింది. మాట రాకపోతే ఫైల్లో చూపించవచ్చు. మాట చిక్కుకుంటే, అదెక్కడ ఉంటుంది, దేనికి వాడతాం అని చుట్టూ తిరిగి వెళ్ళడం నేర్పింది. మరుపు కోసం వంటింటి గోడకు తెల్ల బోర్డు పెట్టించింది. దాని మీద ఆ రోజు పనులు శివపార్వతే ఎడమ చేత్తో రాసుకోవాలి, అయ్యాక తనే కొట్టేయాలి. ఫోన్లో అలారాలు కూడా ఆమె చేతే పెట్టించింది. మీటింగు నడపడానికి చిన్న మాటలు కొన్ని చాలన్నది: 'చెప్పండి', 'ఒక్కొక్కరు', 'రాసుకో బాబూ'. చివరిది పంచాయతీ కార్యదర్శి కోసం.

ఒకరోజు రెహానా చున్నీ నడుముకు బిగించి ఊళ్ళో ఆడమనిషిలా నటించింది. "ఏందమ్మా సర్పంచీ, మా బజారు వంక కన్నెత్తి చూసింది లేదు. ఓట్లప్పుడు మాత్రం వదినా వదినా అంటా వచ్చావు" అని దెబ్బలాటకు దిగింది. శివపార్వతి ముందు తెల్లబోయింది. తర్వాత నవ్వింది. జబ్బు చేశాక ఆమె నవ్వటం అదే మొదలు. నవ్వుతూనే "ఒక్కొక్కరు" అంది.

"నేనొక్కదాన్నే కదమ్మా" అంది రెహానా. ఇద్దరూ మళ్ళీ నవ్వారు.

ఇంత జరుగుతుంటే దాన్ని పాడు చేసింది నేను. ఆంజనేయులు ఒకరోజు ఇంటికి వచ్చాడు. వరసకు నాకు బామ్మర్ది అవుతాడు.

"బావా, అక్కకు బాగయ్యేదాకా చార్జి నాకియ్యండి. ఊరి పనులు ఆగిపోతన్నయ్" అన్నాడు.

"మీ అక్కకేంది, బాగానే ఉంది. వచ్చే గ్రామసభలో మాట్లాడతది, వచ్చి విను" అన్నాను.

అది ఆమెను అడిగి అన్న మాట కాదు. ఆ రాత్రే కాగితం మీద ఒక ఉపన్యాసం రాశాను. ప్రభుత్వ పథకాలు, అభివృద్ధి, అందరి సహకారం, అలాంటి మాటలు. పొద్దునా సాయంత్రమూ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి బడిపిల్లకు పద్యం నేర్పినట్టు అప్పజెప్పించాను. 'సహకారం' దగ్గర ప్రతిసారీ ఆగిపోయేది. బోర్డు మీద ఆమె రాసుకున్నవి చెరిపేసి ఆ మాట పెద్దక్షరాలతో రాశాను. రెహానాకు ఇదంతా చెప్పలేదు. సభకు ముందు రెండు వారాలు ఏవో సాకులు చెప్పి థెరపీకే తీసుకెళ్ళలేదు.

సభ రోజు శివపార్వతి లేచి నిలబడింది. "అందరికీ..." దాకా వచ్చింది. ఆగింది. ఆ తర్వాతి మాట ఆమె నోట్లో తిరుగుతోందని నాకు కనిపిస్తూనే ఉంది. అయినా ఊరుకోలేకపోయాను. "నమస్కారం" అన్నాను వెనకనుంచి. ఆమె తడబడింది. "న-మ-స్కా-రం" అని మళ్ళీ అందించాను. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను లేచి మైకు లాక్కుని, "మా ఆవిడ ఉద్దేశం ఏందంటే..." అని మొదలుపెట్టాను.

ఆమె వెనక్కి తిరిగి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. కుడి కాలు ఇంకా కొంచెం ఈడుస్తుంది. గడప దగ్గర చెప్పు జారిపోయింది. ఆమె ఆగలేదు. సైదమ్మ ఆ చెప్పు చేతబట్టుకుని వెనకే పరిగెత్తింది. నేను మైకు పట్టుకుని మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో తెలియదు.

ఆ తర్వాత చాలా రోజులు శివపార్వతి ఒక్క మాట కూడా ప్రయత్నించలేదు. అన్నం సగంలో వదిలేసేది. అలారం మోగితే ఫోన్ బోర్లా పెట్టేది. సైదమ్మ వస్తే మాత్రం కాసేపు పక్కన కూర్చోనిచ్చేది. న్యూరాలజిస్టు డిప్రెషన్ అన్నారు, స్ట్రోక్ తర్వాత చాలామందిలో వస్తుందన్నారు, మందు రాశారు. "మందు పనిచేయడానికి టైము పడుతుంది. ఈలోగా ఇంట్లో వాతావరణం కూడా చూసుకోండి" అన్నారు నా వంక చూసి.

నేను ఒక్కణ్ణే రెహానా దగ్గరికి వెళ్ళాను. జరిగింది చెప్పాను. ఆమె కోప్పడుతుందనుకున్నాను.

"థెరపీ అమ్మకొక్కదానికే అనుకున్నారా సార్? సగం మీకు" అంది. "కూర్చోండి. మీకు పన్ను నొప్పి అనుకోండి. ఆ సంగతి నాకు చెప్పాలి. నోరు తెరవకూడదు."

నేను దవడ మీద చెయ్యి పెట్టుకున్నాను.

"దోమ కుట్టిందా?" అంది. కాదన్నట్టు తల ఊపాను. మళ్ళీ చూపించబోయాను. "గడ్డం గీయించుకోవాలా? మంగలి షాపు పక్క వీధిలో ఉంది. ఓ, నిద్రొస్తోందా? పడుకోండి, పడుకోండి." నేను చెయ్యి ఎత్తినప్పుడల్లా అది పూర్తి కాకముందే ఏదో ఒకటి అనేది. పక్కనున్న నర్సుతో, "పాపం, ఈయనకు ఏమీ తెలియట్లేదు" అని గట్టిగా అంది. నేను బల్ల మీద గుద్దాను.

"రెండు నిమిషాలు కూడా కాలేదు సార్" అంది రెహానా. అన్నాక ఆమెకే బాధనిపించిందేమో, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

ఆ రోజునుంచి నేనూ నేర్చుకోవడానికి వెళ్ళాను. టీవీ ఆపి మాట్లాడటం, ఎదురుగా కూర్చోవటం, ఒకసారికి ఒకే సంగతి అడగటం, ముఖ్యమైన మాట కాగితం మీద రాసి చూపించటం, అర్థమైందనుకున్నది నిజమో కాదో మళ్ళీ ఆమెనే అడిగి తేల్చుకోవటం. ఇవి వినడానికి తేలిక. ముప్పై ఏళ్ళుగా ఆమె తరఫున మాట్లాడిన నోటికి మాత్రం చాలా కష్టమయ్యాయి.

ఒక సాయంత్రం ఆమె ఎదురుగా కూర్చుని అంతా చెప్పుకున్నాను. సభలో నవ్విన సంగతి ఆమెకు తెలిసిందే. డాక్టరుగారు అడిగితే ఇంకెవరూ లేరన్న సంగతి తెలియదు. అదీ చెప్పాను. ఒక్కో మాటే, మెల్లగా చెప్పాను. "నన్ను క్షమిస్తావా?" అని అడిగి ఊరుకున్నాను. ఆమె చాలాసేపు కిటికీ వైపు చూసింది. నేను కదల్లేదు.

"ఇప్పుడు..." అంది. ఆగింది. "కాదు."

స్ట్రోక్ వచ్చాక ఆమె నాకు చెప్పిన మొదటి పూర్తి మాట అది. మళ్ళీ అడగలేదు. అడగాల్సింది అడిగాను. ఇచ్చేదీ మానేదీ ఆమె ఇష్టం.

నేను చేయగలిగినవి చేశాను. కారు అద్దం మీది అక్షరాలు బ్లేడుతో గీకేశాను. పంచాయతీ ఆఫీసులో నా కుర్చీ తీసేయమని కార్యదర్శికి చెప్పాను. పాపం ఆ కుర్రవాడు నాకేదో కోపమొచ్చిందనుకుని, "కుషన్ కుర్చీ తెప్పించమంటారా సార్?" అన్నాడు. బస్టాండు దగ్గర టీ హోటల్లో ఎవరో "రండి సర్పంచి గారూ" అంటే, "సర్పంచి ఇంట్లో ఉంది. నేను ఆమె మొగుణ్ణి" అన్నాను. బల్లల దగ్గర అందరూ నవ్వారు. నవ్వనిచ్చాను. ఆంజనేయులి ఇంటికి వెళ్ళి, ఆస్పత్రిలో అతనికి భయపడి ఏం చేశానో చెప్పాను. అతను, "నేను చార్జి అడిగేవాణ్ణే బావా. నిజమే. కానీ అక్క ప్రాణం మీదికి వస్తే నా కారే ముందుండేది" అన్నాడు. ఆ మాట నన్ను ఇంకా కుంగదీసింది.

శివపార్వతి థెరపీకి మళ్ళీ వచ్చింది. ఎంతోకాలం పట్టింది. తర్వాతి గ్రామసభలో కార్యదర్శి అజెండా ఒక్కో అంశం చదివి ఆగాడు. ఆమె ముందు ఫైలు, పెద్దక్షరాల కాగితం ఉన్నాయి. "చెప్పండి" అంది. జనం చెప్పారు. అలవాటు కొద్దీ ముగ్గురు ఒకేసారి లేచారు. "ఒక్కొక్కరు" అంది. నేను కింద జనంలో కూర్చున్నాను. ఒకచోట మాట చిక్కుకుని ఆమె తడుముకుంటుంటే, నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను.

ఆమె నన్ను చూసింది.

"నువ్వు... కూచో."

సభంతా గొల్లున నవ్వింది. నేను కూర్చున్నాను. తర్వాత కావలసిన మాట ఆమె తనే వెతుక్కుంది.

ఇప్పటికీ పొడవైన మాటలు రావు. పేర్లు తారుమారవుతాయి. అలసిపోయిన రోజు అసలు మాట్లాడదు. నాతో మామూలుగానే ఉంటుంది, అంతకంటే ఎక్కువ నాకు తెలియదు. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళకు నేను చెప్పగలిగింది ఒక్కటే. అదీ నిన్న ఆంజనేయులికి చెప్పిందే. అతను మా ఇంటికి వచ్చి, వరండాలో శివపార్వతి కూర్చుని ఉండగానే, నా వైపు తిరిగి, "బావా, వీధి లైట్ల సంగతి ఏం చేద్దాం?" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతావు? అక్క కదా సర్పంచి. ఆమె ఎదురుగా కూచుని అడుగు. అడిగాక ఆగు. తనే అడిగితే తప్ప మాట అందించమాక" అన్నాను.

అతను కుర్చీ ఆమె ముందుకు లాక్కుని అడిగాడు. నేను గేదెలకు గడ్డి వేయడానికి దొడ్లోకి వెళ్ళాను. వెనక చాలాసేపు ఏ చప్పుడూ లేదు. నేను తిరిగి చూడలేదు.